పొగచూరిన గోడయా, వ్రాతయా? — మైటోకాండ్రియా మాంసకృత్తులపై జీవక్రియ వేయు ముద్రలు: ఒక విమర్శ

మనుజుడు తిన్న ఆహారము దేహమునకు శక్తినిచ్చి ఊరకుండదనియు, ఆ శక్తిని పుట్టించు యంత్రములనే రసాయనికముగా మార్చుచున్నదనియు జీవరసాయన శాస్త్రజ్ఞులు గత ఇరువది యేండ్లుగా చెప్పుచున్నారు. ఈ వాదము ప్రయోగశాలలలో పుట్టినది. పిదప ఆరోగ్య పత్రికలకెక్కినది. ఇప్పుడు మాత్రల సీసాలపై కూడ అచ్చుపడుచున్నది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందలి తెలుగు కుటుంబములకు ఈ చర్చతో పనియేమి యని అడుగువారుందురు. పని యున్నది. రాగి సంగటి, ఉలవచారు, అనపగింజల పులుసులతో ప్రొద్దు గడపిన యిండ్లలో నేడు తెల్లబియ్యపు అన్నము ప్రధానమైనది. చేనిపనికి పోయిన తాతల మనుమలు కర్మాగారములలో రాత్రి వంతు పనికి పోవుచున్నారు. 2011లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారము తమిళనాట పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా మధుమేహ పీడితులు. అట్టిచోట "తిండి నీ కణములను తిరిగి వ్రాయుచున్నది" అను మాటకు చెవి యొగ్గనివాడుండడు. కావుననే ఆ మాటలో ఎంత నిజము, ఎంత అతిశయోక్తి యని తూచి చూడవలసి యున్నది.

మైటోకాండ్రియాను కణమునకు వంటయిల్లుగా భావించుట ఈ విషయమున కెంతో సహాయకారి. పిండిపదార్థముగా వచ్చినను, క్రొవ్వుగా వచ్చినను, ఆహారములో అధికభాగము తుదకు రెండు కర్బన పరమాణువుల తునుకగా విరిగి, కో-ఎంజైము-ఏ అను వాహకముపై నెక్కును. ఈ జంటకే ఎసిటైల్ కో-ఏ యని పేరు. ఫ్రిట్జ్ లిప్మన్ ఆ వాహకమును 1940లలో కనుగొనెను. 1951లో ఫియోడర్ లీనెన్ ఎసిటైల్ తునుక దానికెట్లు తగులుకొనియుండునో తేల్చెను. సంగటి నుండి వచ్చిన తునుకకును, నేతి నుండి వచ్చిన తునుకకును ఇక్కడ భేదము లేదు. రెంటికిని పుట్టినింటి గుర్తు చెరిగిపోయి యుండును. ఇట్టి తునుకలలో హెచ్చుపాలు క్రెబ్స్ చక్రమున పడి దగ్ధమై పోవును. కొన్నిమాత్రము దారి తప్పి, ప్రక్కనున్న మాంసకృత్తుల మీద, అందును లైసీను అను ఎమినో ఆమ్లపు కొసమీద అంటుకొనును. లైసీను కొసకు సాధారణముగా ధన విద్యుదావేశముండును. ఎసిటైల్ అంటినంతనే అది పోవును. సక్సినైల్ అను మరియొక తునుక అంటినచో ధనము పోవుటయే గాక ఋణము వచ్చి చేరును. మాంసకృత్తు యొక్క మడతలు, దాని పని, ఈ విద్యుదావేశముల పొందికపై నాధారపడినవి గనుక, మార్పు చిన్నదైనను ఫలితము పెద్దది కావచ్చునని శాస్త్రజ్ఞులకు తోచుట సహజమే.

ఇక్కడ ఒక్కమాట చెప్పక తప్పదు. "మాంసకృత్తు" అను పారిభాషిక పదము మాంసమును చేయునది యను అర్థమున కల్పింపబడినది. కాని వినువారికి అది మాంసము చేత చేయబడినదిగా తోచుచున్నది. అనపగింజను నానబెట్టి పితికి తీసిన పప్పును పులుసులో వేయు ఇల్లాలికి, ఆ పితికిపప్పే తన యింటి మాంసకృత్తు అని ఈ పదము చెప్పజాలదు. తెలుగు అకాడమి 1968లో ఏర్పడి పాఠ్యగ్రంథములకు పదములు కూర్చినది గాని, రాష్ట్రపు సరిహద్దు దాటి హోసూరు బడులకు అవి చేరుట అరుదయ్యెను. 2006 నాటి తమిళ అభ్యసన శాసనము పిదప ఈ ప్రాంతపు తెలుగు పిల్లలకు మాతృభాషలో శాస్త్రము చదువుకొను వీలు మరింత సన్నగిల్లినది. పదము చేరని చోటికి అపోహ ముందుగా చేరును. మాత్రలమ్మువాని ప్రకటనకు అకాడమి అక్కరలేదు గదా!

మరల విషయమునకు వత్తము. కణకేంద్రములోని హిస్టోనులపై ఎసిటైల్ ముద్ర యుండుననియు, దానికిని జన్యువుల పనికిని సంబంధము కలదనియు విన్సెంట్ ఆల్‌ఫ్రీ బృందము 1964లోనే చెప్పినది. నాలుగు దశాబ్దములు ఆ చర్చ కణకేంద్రము చుట్టునే తిరిగినది. 2006లో యింగ్‌మింగ్ ఝావో బృందము ఎలుకల కాలేయమును పరీక్షించి, మైటోకాండ్రియా మాంసకృత్తులలో అయిదింట ఒకవంతుకు పైగా ఎసిటైల్ ముద్రలు గలవని చూపగా శాస్త్రలోకము ఉలిక్కిపడెను. మరుసటి యేటనే, ఆ ముద్రలను తుడిచివేయు ఎంజైము సర్ట్-3 అనియు, అది లేని ఎలుకల మైటోకాండ్రియాలో ముద్రలు విపరీతముగా పేరుకొనుననియు తెలిసినది. ఈ సర్ట్-3 పనిచేయుటకు ఎన్.ఏ.డి. అను పదార్థము కావలెను. అది కణపు ఆహారస్థితిని బట్టి హెచ్చుతగ్గు లగుచుండును. ఇంకేమి? తిండి, ఎన్.ఏ.డి., తుడుచు ఎంజైము, ముద్ర, మాంసకృత్తు పని — ఇట్లు గొలుసు కుదిరినది. ప్రతి ముద్రయు ఒక ఆజ్ఞ, మైటోకాండ్రియా ఒక కచేరి, ఎసిటైల్ దాని రాజముద్రిక యని వర్ణనలు బయలుదేరినవి.

విమర్శ ఇక్కడనే ఆరంభము కావలెను. కట్టెల పొయ్యి గల వంటయింటి గోడ నల్లబడును. ఆ నలుపు చూచి ఆ యింట ఎన్నాళ్లుగా వంట జరుగుచున్నదో, ఎట్టి కట్టెలు కాల్చిరో చెప్పవచ్చును. కాని దానిని ఎవరో గోడమీద వ్రాసిన ఉత్తరమనుకొని చదువబోవుట మరియొకటి. మైటోకాండ్రియాలోని ముద్రలు వ్రాతయా, పొగచూరా అని నిర్ణయించుటకు మొదటి ప్రశ్న: వ్రాసినవాడెవడు? కణకేంద్రములో ఎసిటైల్ ముద్ర వేయు ఎంజైములు స్పష్టముగా కలవు. మైటోకాండ్రియాలో జి.సి.ఎన్.5.ఎల్.1 అను మాంసకృత్తునకు అట్టి పనితో సంబంధము కలదని 2012లో ప్రతిపాదన వచ్చినది గాని, వేలకొలది ముద్రలన్నిటికి అదే కర్తయని సిద్ధము కాలేదు. 2013లో గ్రెగరీ వాగ్నర్, ఆర్.మార్క్ పేన్ చేసిన ప్రయోగము ఈ విషయమున ఎంతో నిరాడంబరమైనది, అంతే బలమైనది. వారు మైటోకాండ్రియా మాంసకృత్తులను ఉడికించి, అందున్న ఎంజైములన్నిటిని చంపివేసి, పిదప మైటోకాండ్రియా లోపలనుండు స్వల్ప క్షారస్థితిలో ఎసిటైల్ కో-ఏ కలిపిరి. ముద్రలు పడినవి! వ్రాయువాడు లేకయే పడినవి. మైటోకాండ్రియా లోపలి పి.హెచ్. రమారమి 8; ఆ క్షారములో లైసీను కొస చురుకుదేరి, దొరికిన తునుకను తానే పట్టుకొనును. 2017లో ఇదే మార్గమున మరికొంత తేలినది: గ్లుటారైల్ కో-ఏ వంటి కొన్ని తునుకలు తమంతట తామే వంగి వలయమై, ఎక్కువ తీక్ష్ణత పొంది, కనబడిన మాంసకృత్తునెల్ల అంటుకొనుచున్నవి.

రెండవ ప్రశ్న ఇంకను ముఖ్యమైనది: ఎంత? ఈ ప్రశ్న వచ్చినప్పుడు భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు స్మరణకు రాకమానడు. ఆయన బోస్టను చేరి, సైరస్ ఫిస్కేతో కలసి 1925లో ప్రకటించినది ఒక సిద్ధాంతము కాదు. భాస్వరమును రంగు చూచి కొలుచు పద్ధతి. ఆ పద్ధతితో కండరమును పరీక్షించునపుడు రంగు రావలసినంత వేగముగా రాక, ఆలస్యముగా చిక్కబడుట వారు గమనించిరి. మరియొకడైనచో ద్రావకము చెడినదని పారబోసి యుండును. ఆ ఆలస్యములో నుండియే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడినది. అంతవరకు కండరములోని "నిరింద్రియ భాస్వరము" అని లెక్క కట్టినదానిలో చాలభాగము, కొలుచునపుడు విరిగిపడిన ఫాస్ఫోక్రియాటినే యని తెలిసినది. 1929లో ఏ.టి.పి.ని జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్కే, సుబ్బారావులు ఇంచుమించుగా ఒకేసారి కనుగొనిరి. సుబ్బారావును తెలుగువారు మందుల ఋషిగా కొనియాడుదురు. కొలుచువానిగా తలచుట తక్కువ. ఉన్నదా, లేదా అనుదానితో తృప్తిపడక, ఎంత యున్నదని అడుగుటయే ఆ ప్రయోగముల ప్రాణము.

మైటోకాండ్రియా ముద్రల విషయములో ఆ ప్రశ్న చాలకాలము అడుగబడలేదు. నేటి ద్రవ్యరాశి మాపక యంత్రములు లక్షలో ఒకటిగా నున్న ముద్రను గూడ పట్టగలవు. పట్టిన ప్రతిదియు జాబితాకెక్కును. జాబితా పొడవైన కొలది సిద్ధాంతము బలపడినట్లు భ్రమ కలుగును. 2015లో బ్రయన్ వైనెర్ట్ ప్రభృతులు కాలేయములో ఒక్కొక్క లైసీను చోటున నూటికెన్ని అణువులకు ముద్ర యున్నదో లెక్కింపగా, అత్యధిక స్థానములలో అది నూటికి ఒకటికంటె తక్కువయని తేలినది. నూరుగురు పనివారిలో ఒకనికి జలుబు చేసినచో కర్మాగారము ఆగునా? సర్ట్-3 ఆజ్ఞలను సవరించు అధికారి కాదు, పొగచూరును తుడుచు పనిమనిషి యని వారి తీర్పు.

నిజమైన ఆజ్ఞ ఎట్లుండునో చూడవలెనన్నచో అదే మైటోకాండ్రియాలో ఉదాహరణ కలదు. పైరువేట్ డీహైడ్రోజినేజ్ అను ఎంజైము పిండిపదార్థపు తునుకలను చక్రములోనికి పంపు ద్వారము. దానిపై ఏ.టి.పి. నుండి తెచ్చిన భాస్వరముద్ర వేయుటకు ఒక ఎంజైము, తీయుటకు మరియొకటి కలవని లెస్టర్ రీడ్ బృందము 1969లో చూపినది. ముద్ర పడినచో ద్వారము మూయబడును, తీసినచో తెరువబడును. వేయువాడు, తీయువాడు, ముద్రకు తగిన ఫలితము — మూడును అక్కడ కనబడుచున్నవి.

ఉపవాసమున్న ఎలుక కాలేయములో ఎసిటైల్ ముద్రలు హెచ్చును. కొవ్వు పదార్థములు మితిమీరి తినిపించిన ఎలుక కాలేయములోను హెచ్చును. ఆహారము తగ్గించి పెంచిన దానిలోను, సారాయి పట్టించిన దానిలోను హెచ్చును. ముద్ర ఆజ్ఞయే అయినచో, ఆకలికిని అజీర్తికిని ఒకే ఆజ్ఞ జారీ చేయు ప్రభుత్వ మెట్టిది! ఏకాదశి యుపవాసికిని, విందు భోక్తకును ఒకే చీటి యిచ్చిన వైద్యుని నమ్ముదురా? ఈ సందర్భములలో పెక్కింటికి ఉమ్మడి లక్షణ మొక్కటే: కాలేయమునకు క్రొవ్వుతోడి పని హెచ్చుట. క్రొవ్వు కాలిన కొలది ఎసిటైల్ కో-ఏ పోగుపడును. పోగుపడిన కొలది గోడకంటును. ఆజ్ఞా వాదమునకు ఇది పొసగదు. పొగ వాదమునకు చక్కగా పొసగును.

అట్లని ఈ విషయమునంతటిని తోసివేయుట న్యాయము కాదు. సర్ట్-3 లేని ఎలుకలు సాధారణ స్థితిలో ఇతర ఎలుకలవలెనే బ్రతికినమాట నిజమే. కాని మాథ్యూ హిర్షీ ప్రభృతులు 2010లో వాటిని ఉపవాసముంచి చూడగా, క్రొవ్వును దహించు ఒక ఎంజైముపై ముద్ర పేరుకొని, ఆ దహనము మందగించి, అవి చలికి తాళలేకపోయినవి. అదే సంవత్సరము, మితాహారము వలన వృద్ధ ఎలుకలకు కలుగు వినికిడి రక్షణ సర్ట్-3 లేనిచో కలుగదని మరియొక బృందము చూపినది. ప్రతివాదులు ఊరకుండలేదు. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయపు బృందము, కండరములో సర్ట్-3తో పాటు ఎసిటైల్ తునుకలను బయటికి పంపు మరియొక ఎంజైమును గూడ తొలగించి, గోడ పూర్తిగా నల్లబడునట్లు చేసినది. కొవ్వు మేత పెట్టినప్పుడు ఇన్సులిను పట్టు సడలినది గాని, మైటోకాండ్రియా శ్వాసక్రియ పెద్దగా కుంటుపడలేదు. ఈ సాక్ష్యములన్నియు కలిపి చూచినచో, పొగ యంతయు వ్రాత కాదు గాని, పొగ కిటికీని కప్పిన చోట యిల్లు చీకటియగును. ఏ కిటికీ, ఎంత పొగ, ఎప్పుడు అని ఒక్కొక్కటిగా తేల్చుటయే మిగిలిన పని. అది నిదానముగా జరుగుచున్నది.

హోసూరు పాఠకులకు ఈ భేదము బోధపడుటకు దూరము పోనక్కరలేదు. మధుమేహులు మూడు నెలలకొకసారి చేయించుకొను హెచ్.బి.ఏ.1.సి. పరీక్ష ఇట్టి ముద్రనే కొలుచుచున్నది. రక్తములోని చక్కెర ఏ ఎంజైము సాయము లేకయే ఎఱ్ఱకణములోని హిమోగ్లోబినుకు అంటుకొనును. ఎఱ్ఱకణము రమారమి నూట ఇరువది దినములు బ్రతుకును గనుక, ఆ కాలపు చక్కెర లెక్క దానిపై నిలిచియుండును. మధుమేహులలో ఈ రకపు హిమోగ్లోబిను హెచ్చుగా నుండుటను 1968లో టెహరానులో సామ్యూల్ రాబార్ గమనించెను. నూటికి 6.5 వంతులు ముద్రితమైనచో మధుమేహమని నేటి వైద్యుల నిర్ణయము. అయితే ఆ ముద్ర పడిన హిమోగ్లోబిను తన పని మానుకొనదు. ప్రాణవాయువును మోయుచునే యుండును. రోగికి ఆపద తెచ్చునది ఆ ముద్ర కాదు, ముద్రకు కారణమైన చక్కెర. ముద్ర సాక్షియే గాని నేరస్థుడు కాదు. సాక్షిని తుడిచివేసినంతమాత్రమున నేరము ఆగునా? ఎఱ్ఱకణములో మైటోకాండ్రియాయే లేదు. అయినను మైటోకాండ్రియా ముద్రల వాదమునకు ఇంతకంటె మంచి గుణపాఠము దొరకదు.

ఎన్.ఏ.డి.ని పెంచు మాత్రల ప్రకటనలను ఈ వెలుగులో చదువవలెను. దినచక్రమును నడుపు కణగడియారము చెడిన ఎలుకల కాలేయములో ఎన్.ఏ.డి. తగ్గి, ముద్రలు పేరుకొని, దహనము మందగించుననియు, ఎన్.ఏ.డి. ముడిపదార్థ మిచ్చినచో కొంత బాగుపడుననియు 2013లో వెల్లడియైనది. మంచి పరిశోధనయే. కాని ఎలుక కాలేయమునకును, సిప్కాట్ కర్మాగారములో రాత్రి వంతు ముగించుకొని తెల్లవారుజామున బాగలూరు త్రోవ పట్టిన కార్మికుని కాలేయమునకును నడుమ చాల దూరము కలదు. ఆ దూరమును ప్రకటన ఒక్క వాక్యములో దాటుచున్నది. రాగి సంగటి తినువారికి మధుమేహము రాదను మాటయు ఇట్టిదే. రాగిలో సున్నము, పీచు మెండు, మెచ్చదగిన ధాన్యమే. అయినను దాని పిండిపదార్థమును జీర్ణమై చక్కెరయే యగును. ఎంత ముద్ద, ఎంత పని అనుదానిపైననే లెక్క నిలుచును.

ఈ ముద్రలు నిస్సంశయముగా కీడుతో కూడియుండు చోటు ఒకటి కలదు. దానిని గూర్చి ఆరోగ్య పత్రికలు వ్రాయుట తక్కువ. లైసీనును జీర్ణించుకొను మార్గములో గ్లుటారైల్ కో-ఏను ముందునకు పంపు ఎంజైము పుట్టుకతోనే లోపించు శిశువులు కలరు. ఈ వ్యాధికి గ్లుటారిక్ ఆసిడ్యూరియా మొదటి రకమని పేరు. అట్టి లోపము గల ఎలుకలలో గ్లుటారైల్ ముద్రలు పేరుకొనుటను 2014లో శాస్త్రజ్ఞులు చూచిరి. అమోనియాను యూరియాగా మార్చు పనికి మొదటి మెట్టైన ఎంజైము ఈ ముద్ర వలన మందగించుటను గూడ చూపిరి. వ్యాధి చేయు కీడులో ముద్రల పాలెంత, కూడబడిన ఆమ్లముల పాలెంత అనునది ఇంకను విడదీయవలసియే యున్నది. అయినను ఇక్కడ పొగ పలుచని పొర కాదు, పొయ్యి గొట్టమే మూసికొనిపోయినట్టిది. ఈ లోపము తల్లిదండ్రు లిరువురి నుండియు ఒక్కొక్క జన్యువు చొప్పున వచ్చినగాని బయటపడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశములలో రమారమి నాలుగు పెండ్లిండ్లలో ఒకటి రక్తసంబంధుల నడుమనే జరుగుచున్నది. ఈ మూడు రాష్ట్రముల కూడలియందున్న హోసూరు సీమలో మేనరికము, అక్క కూతును చేసికొనుట పరువుగల ఆచారములు. మేనత్త మేనమామల బిడ్డలు పెండ్లియాడినచో, పుట్టు బిడ్డకు ఒక్కొక్క జన్యువు ఒకే పూర్వుని నుండి రెండు ప్రతులుగా వచ్చు అవకాశము పదునారింట ఒకటి; మేనమామకు మేనకోడలినిచ్చినచో ఎనిమిదింట ఒకటి. ఆచారమును నిందించుట ఈ విమర్శ పని కాదు. కాని చెప్పవలసిన లెక్కను చెప్పకుండుటయు తగదు.

ఈ వ్యాధి గల శిశువు పుట్టినపుడు ఇతర శిశువులవలెనే యుండును. తల మాత్రము కొంత పెద్దదిగా కనబడవచ్చును. జ్వరమో, విరేచనములో వచ్చి తిండి మానిన వేళ మెదడు హఠాత్తుగా దెబ్బతిని, కాలుసేతులు పట్టుతప్పును. పుట్టిన కొలది దినములలో మడమ నుండి తీసిన నెత్తురు చుక్కను కాగితముపై ఎండబెట్టి యంత్రమున పరీక్షించినచో, ఆ ఆపదకు ముందే లోపమును పసిగట్టవచ్చును. పసిగట్టినచో కార్నిటిను ఇచ్చి, జ్వరము వచ్చిన దినములలో తగినంత చక్కెర నీరు, పిండిపదార్థము లోపలికి పోవునట్లు చూచి, లైసీను తక్కువగా నుండు ఆహారమును తూచి పెట్టుదురు. లైసీను ధాన్యములలో తక్కువ, పప్పు గింజలలో హెచ్చు. ఇంటిల్లిపాదికి సంగటి లోటును తీర్చు అనపగింజల పులుసును ఆ యొక్క బిడ్డకు మాత్రము వైద్యుడు చెప్పిన కొలత మించకుండ పోయవలసి యుండును.